చిన్నోడి వాటా

సోమవారం వచ్చిందంటే ఆ ఇంట్లో కోడి కూయకముందే మిక్సీ కూస్తుంది. దానికి ముందు గంటసేపు వంటింట్లో జరిగే తతంగం మాత్రం ఎవరికీ వినపడదు.

అర కిలో కోడి లివర్. ముందురోజు సాయంత్రమే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంది ఇంటావిడ. ఇప్పుడు దాన్ని తెల్లటి పళ్ళెంలో పరిచి, లైటు కింద ఒక్కొక్క ముక్కనీ తిప్పి చూస్తోంది. నరం కనబడితే చిన్న కత్తెరతో తీసేస్తుంది. ఎక్కడైనా ఆకుపచ్చ మరక ఉంటే ఆ మేరకు కోసి పారేస్తుంది. అది చేదుతిత్తి చిట్లిన మరక. గోరంత మిగిలినా అర కిలో అంతా నోట పెట్టలేని చేదైపోతుంది.

ఆమెను ఆసుపత్రిలో అందరూ సూదమ్మ అంటారు. ఇరవై రెండేళ్ళుగా ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం. ఆమె సూది గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండదని పేరు. "మాటతో గుచ్చితే మాత్రం వారం రోజులు సలుపుతుంది" అంటాడు మొగుడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. రోజంతా ఇనుప పెట్టెల్లో ఇరుక్కున్నవాళ్ళని ఓదార్చి ఓదార్చి ఆయనకి ఓపిక బాగా పెరిగిపోయింది.

"మూలనున్నదాంట్లో చేదుంది చూడు" అంది తల్లి గుమ్మంలోంచి.

సూదమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. తల్లి తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. ఎడమ కంటికి ఏమీ కనబడదు. కుడి కంటికి లోకమంతా పొగలో ఉన్నట్టు కనబడుతుంది. కానీ పళ్ళెంలో మూలనున్న ముక్కని తిప్పి చూస్తే, అడుగున నిజంగానే బఠాణీ గింజంత ఆకుపచ్చ మరక.

"అక్కణ్ణుంచి ఎలా తెలిసిందే నీకు?"

"కళ్ళు పోయాయి గానీ ముక్కు పోలేదుగా. ఇరవై ఏడేళ్ళు ఆ వాసనలోనే బతికాను" అంది తల్లి. ఇంకేమీ అనకుండా గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

కోళ్ళ దుకాణంలో కోళ్ళని కోసి శుభ్రం చేసే పని ఆమెది. తండ్రి పోయాక ఆ పనితోనే ఇద్దరు పిల్లల్నీ పెంచింది. దుకాణం మూసే వేళకి అమ్ముడుపోని మెడలు, కాళ్ళు, రెక్కల చివర్లు ఒక సంచిలో వేసి ఇచ్చేవాడు యజమాని. దయ పుడితే దాంట్లో ఒక లివర్ కూడా ఉండేది. చిరిగినదో, నలిగినదో, ఒక్కటే. అది సూదమ్మ తమ్ముడు చిన్నోడి పళ్ళెంలోకి వెళ్ళేది. సూదమ్మ పళ్ళెంలోకి మెడ వచ్చేది. "మెడ తింటే గొంతు బాగుంటుందే" అనేది తల్లి. ఆ గొంతుతో సూదమ్మ ఏనాడూ పాడిందీ లేదు, అరిచిందీ లేదు.

ల్యాబ్ చదువుకునేటప్పుడు విద్యార్థులు ఒకరి రక్తం ఒకరు పరీక్ష చేసుకోవాలి. తరగతి మొత్తంలో అందరికంటే తక్కువ రక్తం ఆమెకే ఉంది. "లివర్ బాగా తినమ్మా" అని సలహా ఇచ్చింది పంతులమ్మ. సరేనని తలూపి, బాత్‌రూంలోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

ఇప్పుడు బాణలిలో వెన్న కరిగింది. కాస్త ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు మెత్తబడ్డాయి. లివర్ ముక్కలు వేసి రెండువైపులా వేయించింది. మిరియాల పొడి, చిటికెడు జాజికాయ, ఒక చెంచా వెనిగర్ వేసి, చల్లారాక ఇంకొంచెం వెన్నతో కలిపి మిక్సీలో తిప్పింది. అప్పుడు కూసింది మిక్సీ. పడకగదిలోంచి మొగుడు మూలిగాడు. మెత్తటి ముద్దని జల్లెడలో వేసి గరిటెతో వత్తింది. గుటుక్కున మింగడానికి వీలుగా, నాలుకకి ఒక్క పలుకు తగలకుండా ఉండాలి. మూడు గాజు సీసాల్లోకి తీసి, పైన కరిగించిన వెన్న పోసింది. అది గడ్డకట్టి మూతలా కూర్చుంటే వారమంతా చెడదు. దీన్నే ఫ్రెంచివాళ్ళు పాటే అంటారు. ఫోన్లో వీడియో చూసి నేర్చుకుంది.

"మళ్ళీ గోడలకి పూసేది చేస్తున్నావా?" అన్నాడు మొగుడు టూత్‌బ్రష్‌తో వచ్చి.

"మీకు కాదులెండి. బెంగపడకండి."

"నా బెంగ మీ అమ్మ గురించే. మూడు నెలలుగా రోజూ అదేనా పాపం?"

"పాపం అని జాలిపడితే కన్ను వస్తుందా?"

ఆయన నోట్లో బ్రష్ పెట్టేసుకున్నాడు.

కన్ను సంగతే అసలు సంగతి. ఆపరేషన్ చేయాలంటే మూడు నెలల షుగర్ సగటు ఎనిమిదికి దిగాలన్నాడు కంటి డాక్టరు. అది తొమ్మిదిన్నర దాటి ఉంది. అందుకే రెండుసార్లు తేదీ ఇచ్చి వాయిదా వేశాడు. "ఆలస్యమైనకొద్దీ కంటి వెనక పొర దెబ్బతింటుంది. ఆ తరవాత నేను ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని చెప్పలేను" అన్నాడు. సూదమ్మ ఆ రోజే ఇంట్లోంచి బ్రెడ్డు, బంగాళదుంప, పంచదార, బిస్కట్లు అన్నీ తీసి పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. మొగుడు బిస్కట్లు తినాలంటే డ్యూటీలో తినాల్సిందే. తల్లికి మధ్యాహ్నం భోజనం అంటే దోసకాయ చక్రాలు, వాటిమీద పాటే. ఇంకోదారి లేదు.

మూడో తేదీ ఈ శుక్రవారం. అందుకే ఈ పొద్దున్న తల్లి చేయి ఒళ్ళో పెట్టుకుని రక్తం తీసింది.

"ఈసారి దిగుతుందంటావా?" అంది తల్లి.

"ఎందుకు దిగదు? నేను చెప్పినట్టు తింటున్నావుగా?"

తల్లి రవిక చేయి కిందికి లాక్కుంది. "ఆ" అంది.

*

పదకొండున్నరకి యంత్రం కాగితం కక్కింది. తొమ్మిది పాయింట్ నాలుగు.

సూదమ్మ ఆ కాగితాన్ని తిరగేసి చూసింది, వెనకవైపు ఇంకో అంకె ఉంటుందేమో అన్నట్టు. అదే నమూనాని మళ్ళీ పెట్టింది. మళ్ళీ తొమ్మిది పాయింట్ నాలుగు. మూడు నెలల కిందట తొమ్మిది పాయింట్ ఆరు. అంటే పన్నెండు సోమవారాలు, ముప్పై ఆరు సీసాలు, ఆరు కిలోల లివర్ కలిపి దిగింది పాయింట్ రెండు, అంతే.

"యంత్రం బాగానే ఉందా మేడమ్?" అని అడిగింది ఇన్‌ఛార్జిని.

ఇన్‌ఛార్జి మేడమ్ కళ్ళజోడు కిందికి జార్చి కాగితం చూసింది. అందులో పేరు చూసి, గొంతు తగ్గించింది. "యంత్రానికేం కాలేదు. ముసలాళ్ళు చిన్నపిల్లల్లాంటివాళ్ళమ్మా. మా అత్తగారు మాత్రల డబ్బాలో చాక్లెట్లు దాచుకునేది. ఇంటికి వెళ్ళి చూసుకో. ఇక్కడ నేను ఉంటాను."

"మా ఇంట్లో చక్కెర పలుకు కూడా లేదు మేడమ్."

"ఇంట్లో లేనిది బయటినుంచి వస్తుంది."

బస్సులో నిలబడి ఆ మాటే నెమరేసుకుంది. బయటికి తల్లి ఒక్కతే వెళ్ళలేదు. పక్కింటావిడ ఉద్యోగానికి పోతుంది. మొగుడు మెత్తనివాడే గానీ, మధ్యాహ్నం పూట ఇంటి ఛాయలకి రాడు. వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు బేకరీ వ్యాను కనబడింది. వ్యాను మీద గోధుమ రంగు బ్రెడ్డు బొమ్మ, ఒక కన్ను కొడుతూ.

ఆ వ్యాను నడిపేది చిన్నోడు.

తలుపు తీసే ఉంది. భోజనాల బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. తమ్ముడి ముందు పొద్దున్న చేసిన పాటే సీసా. పైనున్న వెన్న మూత పగలగొట్టి, సగం దాకా చెంచాతో తవ్వేసి ఉంది. తల్లి ముందు పాల గ్లాసు, చేతిలో సగం కొరికిన క్రీము బన్ను. మూతి చుట్టూ తెల్లటి క్రీము.

"అక్కా! ఏంటి ఈ టైములో?" చిన్నోడు మొహమంతా నవ్వుతో లేచాడు. "రా, కూర్చో. ఈసారి భలే కుదిరిందే."

"ఏం కుదిరింది?"

"ఇదే, నువ్వు చేసింది. పోయిన వారం కాస్త ఉప్పు తగ్గింది గానీ, ఈసారి మాత్రం సీసా నాకేయాలనిపిస్తోంది."

"పోయిన వారం" అంది సూదమ్మ.

తల్లి గొంతు గుర్తుపట్టి, చేతిలోని బన్నుని గబగబా ఒళ్ళో ఉన్న తువ్వాలు కింద దాచబోయింది. అది జారి నేలమీద పడి, దొర్లుకుంటూ వచ్చి సూదమ్మ చెప్పుల దగ్గర ఆగింది. తల్లి మాత్రం అది తువ్వాలు కిందే ఉందనుకుని, దానిమీద రెండు చేతులూ అడ్డంగా పెట్టుకుని కూర్చుంది.

సూదమ్మ వంగి బన్ను తీసి బల్లమీద పెట్టింది. దాని పక్కనే కాగితం పరిచింది.

"తొమ్మిది పాయింట్ నాలుగు. చదవడం వచ్చుగా నీకు? చదివి అమ్మకి వినిపించు."

చిన్నోడు కాగితం చూశాడు, బన్ను చూశాడు, తల్లిని చూశాడు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎటు పోవాలో తెలియక మూతి దగ్గరే నిలిచిపోయింది. "రోజుకొకటి తినొచ్చని నువ్వే చెప్పావంట కదక్కా?"

"నేను చెప్పానా?"

"అమ్మ అంది. మధ్యాహ్నం ఒక బన్ను తింటే ఏం కాదని నువ్వే..." ఆగిపోయాడు. "మరి ఈ సీసా?"

"ఏం చెప్పింది సీసా గురించి?"

"నాకోసమే చేస్తున్నావంది." వాడి గొంతు సన్నబడింది. "చిన్నప్పటినుంచీ వాడికి లివరంటే ప్రాణం కదా అని, పొద్దున్నే లేచి నాకోసం చేస్తున్నావంది. నేను మా ఆవిడతో కూడా చెప్పుకున్నాను. నలభై దాటినా మా అక్కకి నామీద ఎంత ఇదో చూడు అని. కృతజ్ఞతలు చెబుదామంటే, నీకు అలాంటివి నచ్చవు, ఆ మాటెత్తకు అంది అమ్మ."

సూదమ్మకి నవ్వొచ్చింది. ఏడుపు కంటే అధ్వాన్నమైన నవ్వు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బాగుందమ్మా" అంది. "చాలా బాగుంది. ముప్పై ఏడేళ్ళయినా నీ లెక్క తప్పలేదు. లివర్ ఎవరి చేతిదైనా, ఎవరి కష్టమైనా, వెళ్ళేది మాత్రం చిన్నోడి పళ్ళెంలోకే."

"అట్లా అనకే."

"ఎట్లా అనాలి? అప్పుడు కోళ్ళ దుకాణంవాడు ఇస్తే వాడికి పెట్టావు. ఇప్పుడు నేను చేసి ఇస్తే అదీ వాడికే పెట్టావు. నాకు మెడ. వాడికి లివర్. నాకు తొమ్మిదేళ్ళమ్మా. వాడు నములుతుంటే ఆ వాసన చూస్తూ మెడలో ఎముకలు ఏరుకున్నాను. తెలుసా నీకు?"

"అక్కా, నాకు నిజంగా తెలీదే" అన్నాడు చిన్నోడు. "నాకు నాలుగేళ్ళు అప్పుడు."

"నిన్నేమీ అనట్లేదురా. నీ నోట్లో పెట్టారు, నువ్వు మింగావు. అంతకంటే నువ్వు చేసిందేం లేదు."

వాడు చెంచా కింద పెట్టాడు. కాసేపు సీసా వంక చూసి, దాన్ని నెమ్మదిగా ఆమె వైపు జరిపాడు. "నువ్వు తిను."

"ఇప్పుడా?" సూదమ్మ సీసాని తిరిగి తోసేసింది. "నలభై ఆరేళ్ళ దానికి లివర్ పెడితే తొమ్మిదేళ్ళ పిల్ల కడుపు నిండుతుందట్రా?"

 బయట ఎవరో వ్యాను అడ్డంగా ఉందని హారన్ కొట్టారు. చిన్నోడు లేవలేదు. మళ్ళీ కొట్టారు, తిట్టుకుంటూ పోయారు.

"వాడు ఏడ్చేవాడు" అంది తల్లి చివరికి. బల్లమీద ఏదో వెతుకుతున్నట్టు చేత్తో తడుముతోంది. "పొద్దంతా పక్కింట్లో వదిలేసి పోయేదాన్ని. రాత్రి కాళ్ళకి చుట్టుకుని ఏడ్చేవాడు. ఏదో ఒకటి నోట్లో పెడితే ఊరుకునేవాడు. నువ్వు ఏడ్చేదానివి కావు. పెట్టింది తిని, పళ్ళెం కడుక్కుని పడుకునేదానివి. అడగందే అమ్మైనా పెట్టదంటారు..."

"అడిగితే పెట్టేదానివా?"

తల్లి చేయి బల్లమీద ఆగిపోయింది.

సూదమ్మ ఎదురు చూసింది. ఎన్నో ఏళ్ళుగా తనలో తను ఈ మాట అడుగుతూనే ఉంది. బస్సులో, ల్యాబ్‌లో, లివర్ కడుగుతున్నప్పుడు. ప్రతిసారీ ఆ ఊహలో తల్లి ఏడ్చేది. పెట్టేదాన్నే తల్లీ, ఎందుకు పెట్టను అనేది. లేదా తను ఎరగని కారణం ఏదో చెప్పేది. చిన్నోడికి ఏదో జబ్బనో, డాక్టరు చెప్పాడనో. ఏదైనా సరే, నమ్మడానికి సిద్ధంగా ఉంది.

"లేదేమో" అంది తల్లి.

"అమ్మా..." అన్నాడు చిన్నోడు.

"నన్ను చెప్పనీరా. అబద్ధాలు చాలు, మూడు నెలలుగా ఆడి ఆడి అలిసిపోయాను." ఆమె గొంతులో వణుకు లేదు. "ఒక్కటే ఉండేది. చెరిసగం చేస్తే సరిపోయేది. కత్తి నా చేతిలోనే ఉండేది, రోజంతా కోసే చెయ్యే. కానీ సగం చేద్దామని ఏనాడూ తట్టలేదు. ఎందుకు తట్టలేదంటే నాకూ తెలీదు. మగపిల్లాడనేమో. నువ్వు గట్టిదానివి, నీకేం కాదులే అనుకున్నానేమో. ఇప్పుడు ఏ సాకు చెప్పినా నీకు కడుపు మండుతుంది."

సూదమ్మ కడుపు నిజంగానే మండుతోంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని ఆమెకు గుర్తు కూడా లేదు.

"సరే. అది అయిపోయింది. మరి ఇప్పుడు? ఇప్పుడెందుకు చేశావు? నీ కన్నుకోసం కదమ్మా నేను చస్తున్నది! శుక్రవారం ఆపరేషను. వాయిదా వేస్తే కన్ను పోతుందని నీకు తెలీదా? తినను అని ఒక్క మాట చెబితే నేను కొడతానా?"

"నువ్వు అడగలేదు" అంది తల్లి.

"ఏమిటి?"

"తింటావా అని నువ్వు అడగలేదు. తిను అన్నావు." ఆమె పొగబారిన కన్ను కూతురు కూర్చున్న దిక్కుకి తిప్పింది. "ఇరవై ఏడేళ్ళు ఈ రెండు చేతులూ ఆ నెత్తుట్లోనే. రోజుకి రెండొందల కోళ్ళు. గోళ్ళలోంచి వాసన పోయేది కాదు. ఏనాడూ లివర్ ముక్క నా నోట పెట్టుకోలేదు. డోకొచ్చేది. ఇప్పుడు దాన్నే వెన్నలో కలిపి నా ముందు పెడితే ముద్ద ఎలా దిగుతుంది? మొదటి వారం ముక్కు మూసుకుని మింగాను. బాత్‌రూంకి పోయి కక్కుకున్నాను. తరవాత వీడు వచ్చాడు."

"చెప్పొచ్చుగా!"

"ఎట్లా చెప్పను? పొద్దున్నే లేచి, జల్లెడ పట్టి, అంత పని చేసి నా ముందు పెట్టేదానివి. పెట్టి, పోకుండా అక్కడే నిలబడేదానివి. నాకు కళ్ళు కనబడవు గానీ నువ్వు నా మొహం చూస్తూ నిలబడ్డావని తెలిసేది." తల్లి గుక్క తిప్పుకుంది. "ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ డాక్టరు లివరే పెట్టమన్నాడా?"

సూదమ్మ చూపు ఫ్రిజ్ వైపు పోయింది.

ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు మీద అంటించే ఉంది. గుడ్లు, చేపలు, చికెన్, జున్ను, ఆకుకూరలు, పుట్టగొడుగులు. వరసగా ఇరవై రకాలు. లివర్ ఎక్కడో అడుగున, పదిహేడో పేరు. మొదటి రోజు ఆ కాగితం చదువుతుంటే ఆమె వేలు వెళ్ళి పదిహేడో పేరు మీదే ఆగింది. ఎందుకు ఆగిందో ఆ రోజు తనని తాను అడగలేదు. పోషకాలు ఎక్కువని మొగుడితో చెప్పింది. చౌక అని పక్కింటావిడతో చెప్పింది. రెండూ నిజాలే. రెండూ కారణాలు కావు.

సీసా ముందు పెట్టి తల్లి మొహంలోకి చూస్తూ నిలబడింది, నిజమే. తల్లికి గుర్తు రావాలని నిలబడింది. ప్రతి ముద్దకీ గుర్తు రావాలని. వైద్యం పేరు పెట్టి వారానికి మూడు సీసాలతో అడుగుతూ వచ్చిందే తప్ప, నాకెందుకు పెట్టలేదమ్మా అని నోరు విప్పి ఒక్కసారి అడగలేదు. ఆ అడగలేని మాటకి ఇప్పుడు మూడు నెలలు పోయాయి. కన్ను అంచు మీద ఉంది.

"లేదు" అంది.  "లివరే అని చెప్పలేదు."

అప్పుడు ఏడ్చింది సూదమ్మ. బల్లమీద తల పెట్టి, వెక్కి వెక్కి, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా. నాలుగేళ్ళప్పటి చిన్నోడు ఎలా ఏడ్చేవాడో అలా. చిన్నోడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు, అక్క ఏడవగా చూడటం వాడికి ఇదే మొదలు. తల్లి చేయి గాల్లో తడుముకుంటూ వచ్చింది. ముందు పాల గ్లాసు తగిలింది, తరవాత సీసా తగిలింది. రెండూ పక్కకి జరిపి కూతురి జుట్టు దొరికేదాకా వెతికింది. దొరికాక అక్కడే ఉంచేసింది. నిమరలేదు, ఓదార్చలేదు.

చాలాసేపటికి చిన్నోడు వ్యాను తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "నేను ఇక మధ్యాహ్నాలు రానులే అక్కా."

సూదమ్మ తలెత్తి ముక్కు తుడుచుకుంది. "రా. నువ్వూ రాకపోతే రోజంతా ఎవరితో మాట్లాడుతుంది? బన్నులు మాత్రం తేకు."

"మరి ఉత్త చేతుల్తో ఎట్లా..."

"గుడ్లు తే."

వాడు తలూపాడు. ఫ్రిజ్‌లో ఉన్న మిగతా రెండు సీసాలు తీసుకుపొమ్మంటే, "ఇక నా గొంతు దిగదే" అని వెళ్ళిపోయాడు. సాయంత్రం మొగుడు వచ్చాక విషయమంతా విని, చాలాసేపు కాళ్ళ చెప్పులు విప్పకుండా కూర్చున్నాడు. జోకు వేస్తాడేమోనని చూసింది. వేయలేదు. ఆ రెండు సీసాలూ తనే తీసుకెళ్ళి వీధి చివర పిల్లులకి పెట్టి వచ్చాడు.

*

మంగళవారం పొద్దున్న కంటి ఆసుపత్రికి ఫోన్ చేసింది. తొమ్మిది గంటలకి గాని డాక్టరు లైన్లోకి రాలేదు. అంకె చెప్పింది. అటువైపు నిట్టూర్పు వినబడింది.

"ఏమైందమ్మా? డైట్ జాగ్రత్తగా చూస్తున్నానన్నారు?"

"నేను సరిగ్గా చూడలేదండీ."

"రెండు నెలల తరవాత తేదీ ఇస్తాను. కుడి కన్ను వరకు నాకు ఆశ ఉంది. ఎడమ కంటికి మాత్రం నేను మాట ఇవ్వలేను. చేసినా వెలుగు వరకే రావచ్చు. అదీ రాకపోవచ్చు."

"సరేనండీ" అంది. ఆయన ఫోన్ పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని నిలబడింది.

తల్లి బల్ల దగ్గర కూర్చుని ఉంది. అన్నీ వినే ఉంటుంది. ఈ ఇంట్లో గోడలు పల్చన, ఆమె చెవులు పదును.

"ఎడమది పోయినట్టేనా?" అంది మామూలుగా.

"పోయినట్టే అనలేదు. మాట ఇవ్వలేనన్నాడు."

"డాక్టర్లు మాట ఇవ్వలేమంటే అదే. పోనీలే. ఇన్నాళ్ళూ దాంతో చూసి నేను చేసింది కూడా ఏముంది."

"అమ్మా, అలా మాట్లాడకు."

"మాట్లాడను."  తరవాత, ఏదో దారిన పోయే విషయం అడిగినట్టు, "నువ్వు తిన్నావా?" అంది.

ఆ ప్రశ్నకి సూదమ్మ దగ్గర జవాబు ఎప్పుడూ తయారుగా ఉంటుంది. తిన్నాను. స్కూలుకి వెళ్ళేటప్పుడు, హాస్టల్నుంచి ఉత్తరం రాసినప్పుడు, పెళ్ళయ్యాక ఫోన్లో, తిన్నా తినకపోయినా అదే మాట. ఎవరికీ పని పెట్టని మాట. ఈసారి కూడా నాలుక చివరిదాకా వచ్చేసింది.

"లేదమ్మా" అంది. "నిన్న పొద్దున్నుంచి తినలేదు. ఆకలేస్తోంది."

 తల్లి బల్ల అంచు పట్టుకుని లేచింది. గోడ వెంబడి చేయి రాసుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. సూదమ్మ అలవాటు కొద్దీ సగం లేచి, మళ్ళీ కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది, తమంతట అవి పనిలోకి దిగకుండా.

లోపల గిన్నెలు ఒకదానికొకటి తగిలాయి. ఏదో కింద పడింది. "ఏం కాలేదు, కూర్చో" అని వినబడింది. స్టవ్ మూడోసారికి గాని వెలగలేదు. వెన్న చిటపటలాడింది. ఒక గుడ్డు గట్టిగా పగిలిన చప్పుడు, వెంటనే "ఛ, దీని దుంపతెగ" అన్న తిట్టు. సగం గుడ్డు స్టవ్ మీద పోయిందని అర్థమైంది. మాడు వాసన వచ్చింది. సూదమ్మ లేవలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే కారనిచ్చింది.

చాలాసేపటికి తల్లి పళ్ళెం పట్టుకుని, కాలితో గడప తడుముకుంటూ వచ్చింది. బల్ల ఎక్కడుందో చూసుకుని పెట్టింది. ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా, ఆకారమంటూ లేని గుడ్డు. అంతా ఆమెకే.

సూదమ్మ తినడం మొదలుపెట్టింది. ఎదురుగా తల్లి నిలబడి ఉంది, పోకుండా, మొహం ఆమె వైపే పెట్టి.

"ఎలా ఉందే?"

"ఉప్పు ఎక్కువైంది. పెంకు కూడా పడింది."

"గుడ్డిదానితో వండించుకుంటే పెంకే పడుతుంది మరి" అంది తల్లి. పళ్ళెం మీద చెంచా చప్పుడు ఆగేదాకా అక్కడే ఉంది. "ఇంకొకటి వెయ్యనా?"

ఉద్యోగానికి అప్పటికే ఆలస్యమైంది. పళ్ళెం ఖాళీ చేసి తల్లి చేతికి అందించింది సూదమ్మ.

"వెయ్యి" అంది.